సజెషన్ బాక్స్ ఎందుకు ఖాళీగా ఉంటదంటే

మీరడిగింది క్లుప్తంగా ఇది కదా. మూడొందల మంది కంపెనీ, హెచ్ఆర్‌లో మీరు, ఏడాదిగా యోగా సెషన్లు, మెడిటేషన్ యాప్, శుక్రవారం గేమ్స్ అన్నీ పెట్టారు, అయినా జనం అలిసిపోయే కనిపిస్తున్నారు, రిజైన్లు ఆగలేదు, సజెషన్ బాక్స్‌లో క్యాంటీన్ మీద కంప్లైంట్లు తప్ప ఏం పడట్లేదు. ఇప్పుడు ఎండీ గారు "ఉద్యోగుల్ని సామాజిక బాధ్యతతో చూసుకుంటే వాళ్ల ఆరోగ్యమూ బాగుంటది, కొత్త ఐడియాలూ వస్తాయంటున్నారు, దానికి ఆధారం ఏంటో చెప్పు, పనిలో పని సీఎస్ఆర్ ఖర్చులో వెయ్యొచ్చేమో చూడు" అన్నారు. నేను ఫార్మా ప్లాంట్లలో ప్రొడక్షన్‌లో మొదలై తర్వాత హెచ్ఆర్ సైడ్‌కి వచ్చినవాణ్ణి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో కూడా చేశా, కాబట్టి రెండు చోట్లా చూసింది చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు సీఎస్ఆర్, అంటే సమాజం కోసం కంపెనీలు చట్టప్రకారం పెట్టే ఖర్చు, దాని సంగతి తేల్చేద్దాం, అది చిన్నదే. కంపెనీల చట్టం 2013 లో సెక్షన్ 135 కింద నెట్‌వర్త్ 500 కోట్లు గానీ టర్నోవర్ 1000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి పెట్టాలి, కానీ సొంత ఉద్యోగులకి మేలు చేసే పనుల్ని ఆ లెక్కలో చూపించడానికి రూల్స్ ఒప్పుకోవు. ఊళ్లో బడికి బెంచీలు కొంటే అది సీఎస్ఆర్, మీ ప్లాంట్‌లో ఆడవాళ్లకి సరైన రెస్ట్‌రూమ్ కడితే కాదు. అందుకే మన దగ్గర చాలా కంపెనీల్లో బాధ్యత అనే మాట గేటు బయటే ఆగిపోయింది. స్టాక్ మార్కెట్లని అదుపులో ఉంచే సెబీ ఒక్కటి మాత్రం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు వ్యాపారం ఎంత బాధ్యతగా నడుస్తోందో చెప్పే బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్ట్ ఇవ్వాలని పెట్టింది, అందులో మూడో సూత్రం మొత్తం ఉద్యోగుల బాగోగుల గురించే, అదీ సప్లై చెయిన్‌లో ఉన్నవాళ్లతో సహా. మీది లిస్టెడ్ కాకపోయినా పెద్ద కంపెనీలకి సప్లై చేస్తుంటే ఈ ప్రశ్నలు ఇవాళ కాకపోతే రేపు మీ దాకా వస్తాయి, ఎండీ గారికి ఈ మాట చెప్పండి.

ఇక అసలు విషయం. సంబంధం ఉందా అంటే ఉంది, గట్టిగా ఉంది. కానీ అది మీరు ఖర్చు పెడుతున్న దారిలో లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు 2024 లో బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల డేటా చూశాడు, మైండ్‌ఫుల్‌నెస్, స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసులు, నిద్ర యాప్‌లు, ఇలాంటివాటిలో పాల్గొన్నవాళ్లకీ పాల్గొననివాళ్లకీ మానసికంగా తేడా ఏం కనపడలేదు, సేవా కార్యక్రమాలకి వెళ్లే అవకాశం ఇచ్చిన చోట మాత్రం కాస్త కనపడింది. పని గంటలు, షిఫ్టు, మేనేజర్ మాట తీరు, ఇవన్నీ అలాగే ఉంచి మనిషికి ఊపిరి ఎలా పీల్చాలో నేర్పిస్తే ఏం లాభం. పైన పటారం లోన లొటారం అన్నట్టు ఉంటది, ఉద్యోగులకి కూడా అది వెంటనే తెలిసిపోద్ది, తెలిశాక మీరు నిజంగా మంచి పని చేసినా నమ్మరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

గంటల సంగతి ప్రాణాలతో ముడిపడింది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021 లో చెప్పిన లెక్క ప్రకారం వారానికి 55 గంటలు అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఈ కారణంతో 7 లక్షల 45 వేల మంది పోయారని అంచనా. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద మైకేల్ మార్మోట్ వాళ్లు చేసిన వైట్‌హాల్ స్టడీలు ఇంకో మాట చెప్పాయి, తన పని ఎలా చెయ్యాలో తను నిర్ణయించుకునే వీలు తక్కువ ఉన్నవాళ్లకే గుండె జబ్బులు ఎక్కువ వచ్చాయి. బాస్‌కే టెన్షన్ ఎక్కువ అని మనం అనుకుంటాం గానీ ఎక్కువగా దెబ్బ తినేది కింద ఉండి ఏ విషయంలోనూ మాట చెల్లని వాళ్లు.

ఇప్పుడు ఐడియాల దగ్గరికొద్దాం. నేను ఇన్నేళ్లలో చూసింది ఒక్క మాటలో చెప్పమంటే, ఐడియా ఇస్తే నాకు గానీ నా పక్కనోడికి గానీ నష్టం జరగదు అన్న నమ్మకం ఉన్న చోటే ఐడియాలు బయటికొస్తాయి. ఐడియాలు అందరి దగ్గరా ఉంటాయి, రోజూ అదే మెషీన్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడేవాళ్లకి అది ఎక్కడ మొరాయిస్తదో తెలియకుండా ఎలా ఉంటది, కాకపోతే నోరు విప్పరు, మనకెందుకొచ్చిన గొడవ అని ఊరుకుంటారు.

జడ్చర్ల వైపు ఒక ఫార్మా యూనిట్‌లో ప్యాకింగ్ లైన్ గురించి చెప్తా. టాబ్లెట్లు బ్లిస్టర్‌లో పడి సీలై వచ్చాక కార్టన్ మెషీన్ ఒక్కో డబ్బాలో ఒక స్ట్రిప్పు, ఒక మడతపెట్టిన లీఫ్‌లెట్ పెట్టాలి. రాత్రి షిఫ్టు మొదలైన మొదటి గంటలో లీఫ్‌లెట్లు రెండ్రెండు లేచేవి, సెన్సార్ లైన్ ఆపేసేది, మళ్లీ తీసి, చూసి, బ్యాచ్ రికార్డులో రాసి, స్టార్ట్ చెయ్యడం, ఇంతలోనే మళ్లీ ఆగడం. మెయింటెనెన్స్ వాళ్లు సక్షన్ కప్పులు మార్చారు, సెన్సార్ మార్చారు, మెషీన్ కంపెనీ ఇంజనీర్ వచ్చి సెట్టింగులు మార్చి వెళ్లాడు, ఏం తగ్గలేదు. ఆ లైన్ చివర కాంట్రాక్టర్ మనిషి ఒకావిడ ఉండేది, చదువు తక్కువ, పని మాత్రం కళ్లు మూసుకుని చేస్తది. టీ టైమ్‌లో పక్కన కూర్చుని అడిగితే చాలాసేపు ఏం మాట్లాడలేదు, చివరికి "సార్, గా కాయితాల కట్టలు సాయంత్రం నుంచి బయట తలుపు కాడ పెడ్తరు, మెత్తగైతయ్, గందుకే రెండ్రెండు లేస్తయ్, ముందుగాల లోపల పెట్టి జర విప్పి విదిలిస్తే ఏం గాదు" అంది. అంతే. తేమ. కట్టలు ముందుగా ఏసీ ఉన్న గదిలోకి తెచ్చి విప్పి పెట్టాలని పని ఎలా చెయ్యాలో రాసుండే ఎస్ఓపీలో ఒక లైను చేర్చారు, ప్రాబ్లమ్ పోయింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా" అంటే ఆవిడ చెప్పిన జవాబు మీరు గుర్తుపెట్టుకోవాలి. "పోయినసారి చెప్తే ఏమైందో చూసినం గద సార్." ఏమైందంటే అంతకుముందు ఇంకో అమ్మాయి ట్రే కొంచెం వంచి పెడితే ఇద్దరు చేసే పని ఒక్కరే చెయ్యొచ్చని చూపించింది, అందరూ శభాష్ అన్నారు, ఫొటో తీసి నోటీస్ బోర్డు మీద పెట్టారు, తర్వాతి నెల కాంట్రాక్టర్ ఆ ఇద్దరిలో ఒకర్ని తీసేశాడు. తీసేసింది ఆ ఐడియా చెప్పిన అమ్మాయి పక్కింటావిడనే, ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవాళ్లు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో ఎవరూ ఏం చెప్పలేదు. మీరు ఎంత పెద్ద ప్రైజ్ పెట్టండి, ఎన్ని పోస్టర్లు వెయ్యండి, ఆ జ్ఞాపకం ముందు పనిచెయ్యవు.

అక్కడ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కొత్తగా వచ్చిన ప్లాంట్ హెడ్ ఇది విని కాంట్రాక్టర్ని పిలిపించి, సజెషన్ వల్ల మనిషి మిగిలితే ఆ మనిషిని వేరే లైన్‌కి మార్చడమే గానీ ఆపకూడదని రాతపూర్వకంగా అగ్రిమెంట్‌లో పెట్టించాడు, అది తెలుగులో షెడ్డులో అంటించాడు. దాంతోపాటు రెండు చిన్న పనులు. షిఫ్టు రోస్టర్ రెండు వారాల ముందే వెయ్యడం, ఎందుకంటే అప్పటిదాకా రేపు ఏ షిఫ్టో ఇవాళ సాయంత్రం తెలిసేది, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక ఆ ఆడవాళ్లు పడే అవస్థ మాటల్లో చెప్పలేం. రెండోది ప్రతి లైన్‌కి ఒక రిలీవర్, బాత్రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్ని అడుక్కోకుండా ఆ మనిషి వచ్చి నిలబడేట్టు. ఇంతకుముందు చాలామంది షిఫ్టులో మంచినీళ్లు తాగడమే మానేశారు, యూరిన్ ఇన్ఫెక్షన్లు ప్లాంట్‌లోని ఓహెచ్‌సీ, అంటే కంపెనీ ఆసుపత్రి గది, రిజిస్టర్‌లో కనపడుతూనే ఉన్నాయి, చూసినవాళ్లు లేరంతే. కొన్ని నెలలు ఏం కదల్లేదు, జనం గమనిస్తూ ఉన్నారు. తర్వాత ఒకసారి నిజంగానే ఒక మనిషి మిగిలితే ఆవిడని సెకండరీ ప్యాకింగ్‌కి మార్చారు, జీతం తగ్గలేదు, అది కళ్లారా చూశాక మాటలు మొదలయ్యాయి. మొదట వచ్చినవన్నీ నడుం నొప్పి, కుర్చీ ఎత్తు, డబ్బాల బరువు గురించే, మేనేజర్లు కొందరు ఇవేం ఐడియాలు అని విసుక్కున్నారు కూడా. కానీ అవే మొదలు. ఒంటి నొప్పికి విలువిస్తారని తెలిశాకే వేస్టేజ్ గురించి, లైన్ ఒక మందు నుంచి ఇంకో మందుకి మార్చేటప్పుడు పట్టే చేంజోవర్ టైమ్ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

నొప్పికీ కొత్త ఆలోచనకీ ఉన్న చుట్టరికం మనకి కొత్త కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు చీర నేతకి ముందు నూలుని ఆసు పోసే యంత్రం ఎందుకు చేశారు, వాళ్లమ్మ చీరకి వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి భుజం పడిపోతుంటే చూడలేక. 1999 లో అది తయారైంది, 2017 లో పద్మశ్రీ వచ్చింది. నొప్పి పడేవాళ్లకి దగ్గరగా ఉన్నవాడికే అది తట్టింది. మీ కంపెనీలో కూడా నొప్పి ఎక్కడుందో ముందు అడగండి, ఇన్నోవేషన్ అని పెద్ద పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

ఇదే సంగతి పెద్ద స్థాయిలో కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీలో జరిగింది, ఎండీ గారికి ఆధారం కావాలంటే ఇది చూపించండి. అది జనరల్ మోటార్స్ ప్లాంట్, గైర్హాజరు 20 శాతం దగ్గర ఉండేది, గొడవలు, సమ్మెలు, డ్యూటీలో తాగడం, చివరికి 1982 లో మూసేశారు. 1984 లో టొయోటాతో కలిసి న్యూమీ అనే పేరుతో తెరిచారు, తీసుకున్నది చాలావరకు ఆ పాత వర్కర్లనే, అదే యూనియన్. గైర్హాజరు 2-3 శాతానికి దిగింది, నాణ్యత జపాన్‌లోని టొయోటా ప్లాంట్ దగ్గరికి వచ్చింది. జనం ఆండాన్ తాడు గురించే చెప్తారు, లైన్ మీద ఎవరైనా లాగి ఆపొచ్చు అని. నిజమే గానీ దాని వెనక ఒక ఒప్పందం ఉంది. కంపెనీ మనుగడకే ముప్పు వస్తే తప్ప లేఆఫ్ చెయ్యం, అలాంటి రోజు వచ్చినా ముందు మేనేజర్ల జీతాలు తగ్గించి, బయటికి ఇచ్చిన పని వెనక్కి తెచ్చాకే వర్కర్ దాకా వస్తాం అని యూనియన్‌తో రాసుకున్నారు. 1988 ప్రాంతంలో అక్కడ చేసే కారు అమ్ముడుపోక ప్లాంట్ సామర్థ్యంలో చాలా భాగం ఖాళీగా ఉండిపోయింది, అయినా ఎవర్నీ ఇంటికి పంపలేదు, ట్రైనింగ్‌లోనూ, పని పద్ధతులు బాగుచేసే పనుల్లోనూ పెట్టారు. మాట నిలబెట్టుకున్నారని తేలాక వర్కర్లలో ఎక్కువమంది సజెషన్లు ఇవ్వడం మొదలుపెట్టారు, వాటిలో ఎక్కువ భాగం అమలయ్యాయి. తాడు చాలా కంపెనీలు కొనుక్కున్నాయి, ఆ ఒప్పందం మాత్రం రాసుకోలేదు. అలాగని న్యూమీ స్వర్గం అని చెప్పను, పని వేగం మరీ ఎక్కువ, 1993 మోడల్ వచ్చినప్పుడు చేతులు, మణికట్ల నొప్పులు పెరిగి కాలిఫోర్నియా సేఫ్టీ అధికారులు నోటీసు ఇచ్చారు, ఆ తర్వాతే యూనియన్, మేనేజ్‌మెంట్ కలిసి దాన్ని సరిచేసుకున్నారు. 2010 లో ఆ ప్లాంట్ మూతపడింది, జనరల్ మోటార్స్ దివాలా తీసి తప్పుకున్నాక టొయోటా కూడా దాన్ని నడపలేదు.

మీది ఆఫీసు కంపెనీ అయితే ఇది మాకు వర్తించదు అనుకోవద్దు, ఐటీలో ఇదే భయం ఇంకో రూపంలో ఉంటది. క్లయింట్‌కి మనుషుల లెక్కన బిల్లింగ్ జరిగే ప్రాజెక్ట్‌లో ఒక కుర్రాడు స్క్రిప్ట్ రాసి ముగ్గురి పని తగ్గించాడనుకోండి, ఆ ముగ్గురూ బెంచ్ మీదకి, అంటే ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా, వెళ్తారు, బెంచ్ మీద కొన్నాళ్లుంటే ఏమవుద్దో హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. అందుకే చాలామంది స్క్రిప్ట్ రాసి తమ లాప్‌టాప్‌లోనే దాచుకుంటారు, నేను చాలామంది దగ్గర చూశా. ఇప్పుడు ఏఐ వచ్చాక ఇది ఇంకా పెరిగింది, ఒక పక్క ఉద్యోగుల్ని మీ పనిలో ఏఐ ఎక్కడ వాడొచ్చో చెప్పమని అడుగుతూ ఇంకో పక్క జనాన్ని తగ్గిస్తుంటే ఎవరు మాత్రం నిజం చెప్తారు చెప్పండి. మిగిలిన టైమ్ ఎవరిది, మిగిలిన మనిషి ఎక్కడికి వెళ్తాడు, ఈ రెండింటికీ ముందే జవాబు చెప్పని కంపెనీకి ఐడియాలు అడిగే హక్కు లేదని నా గట్టి అభిప్రాయం.

టైమ్ ప్రెషర్ గురించి కూడా ఒక మాట. హార్వర్డ్‌లో టెరీసా అమాబిలే వాళ్లు అమెరికాలో 7 కంపెనీల్లో 238 మందితో రోజూ డైరీ రాయించారు, దాదాపు 12,000 ఎంట్రీలు. డెడ్‌లైన్ పీక మీద ఉన్న రోజు మనం బాగా క్రియేటివ్‌గా ఉన్నామని చాలామంది అనుకున్నారు, కానీ వాళ్లు రాసిన పని చూస్తే ఆ రోజుల్లో కొత్త ఆలోచన తగ్గింది, ఆ దెబ్బ తర్వాతి రోజు, ఆ మర్నాడు కూడా ఉంది. మంచి మూడ్‌లో ఉన్న రోజుకి మర్నాడు ఐడియా తట్టే అవకాశం పెరిగింది. మన దగ్గర పగలంతా పని, రాత్రి ఎనిమిదిన్నరకి అమెరికా కాల్, అన్నం ప్లేట్ పక్కన పెట్టుకుని మ్యూట్‌లో కూర్చోవడం, పదిన్నరకి అది అయ్యాక ఇంకో మెయిల్, మళ్లీ పొద్దున్నే స్టాండప్ మీటింగ్. ఈ మనిషి ఎంత తెలివైనవాడైనా వారం చివరికి టికెట్లు, అంటే వచ్చిన కంప్లైంట్లు, క్లోజ్ చెయ్యగలడు గానీ ఆ టికెట్లు అసలెందుకొస్తున్నాయని ఆలోచించలేడు. ఒక టీమ్‌లో మేం చేసింది సింపుల్, రాత్రి కాల్‌కి అందరూ కాకుండా వంతులవారీగా ఇద్దరే, వాళ్లకి మర్నాడు మధ్యాహ్నం వరకు సెలవు, వారంలో రెండు పొద్దుటి పూటలు మీటింగులు లేవు. క్లయింట్ ఏం అనలేదు, అసలు అంతమంది కాల్‌లో ఎందుకున్నారో వాళ్లకీ తెలియదు.

తప్పులు దాచే సంగతి కూడా దీని కిందకే వస్తది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 90ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, బాగా కలిసి పనిచేసే నర్సింగ్ టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి, కారణం వెతికితే తేలిందేంటంటే ఆ టీముల్లో చెప్పుకోవడానికి భయం లేదు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. కాబట్టి మీరు పద్ధతి మార్చాక మొదట్లో కంప్లైంట్లు, నియర్‌మిస్‌లు (త్రుటిలో తప్పిన ప్రమాదాలు), డీవియేషన్లు (పద్ధతి తప్పిన సందర్భాలు) పెరిగితే ఎండీ గారు కంగారు పడకుండా ఈ మాట ముందే చెప్పి ఉంచండి. ఇది చాలా ముఖ్యం, చాలా చోట్ల ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు.

కాంట్రాక్ట్ వాళ్లని వదిలేసి పర్మనెంట్ వాళ్లకి మాత్రమే మంచి చేస్తే అది సగం పని కూడా కాదు. 2024 లో సింగరేణిలో లాభాల వాటా పంచినప్పుడు మొదటిసారి కాంట్రాక్ట్ కార్మికులకి కూడా 5,000 చొప్పున ఇచ్చారు, పర్మనెంట్ వాళ్లకి వచ్చినదానితో పోలిస్తే అది బాగా తక్కువే, కానీ మీరూ లెక్కలో ఉన్నారని ఒక పెద్ద సంస్థ చెప్పడం చిన్న విషయం కాదు. చట్టంలో ఉన్నవి ఎలాగూ చెయ్యాల్సినవే, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్, 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ, ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్‌కి డబుల్. అవి చేసి గొప్ప చెప్పుకోకూడదు. నిజంగా నడుస్తున్నాయా అని మాత్రం చూడండి, క్రెష్ గదిలో పాత ఫైళ్లు పెట్టిన కంపెనీలు నాకు తెలుసు.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. బాగా చూసుకుంటే చాలు, ఐడియాలు వాటంతటవే పుట్టవు. పని కాస్త కష్టంగా ఉండాలి, బాగా చెయ్యకపోతే మొహమాటం లేకుండా చెప్పేవాళ్లుండాలి, పని మీద మనిషికి కొంత పెత్తనం ఉండాలి. జీతాలు నెలాఖరుకి సరిపోని చోట ఇవేవీ నిలబడవు, అద్దె ఎలా కట్టాలా అని ఆలోచించేవాడి బుర్రలో వేరే ఆలోచనకి చోటెక్కడిది. జీతాలు మార్కెట్ కంటే తక్కువుంటే ముందు అది సరిచెయ్యమని ఎండీ గారికి సూటిగా చెప్పండి, యోగా టీచర్ డబ్బుతో అది తీరదు గానీ మొదలు పెట్టొచ్చు.

మీరు మొదట చెయ్యాల్సింది, నా సలహా అయితే, ఏ కొత్త ప్రోగ్రామూ ప్రకటించకుండా గత రెండేళ్లలో ఐడియా గానీ కంప్లైంట్ గానీ ఇచ్చిన ప్రతి ఒక్కరి జాబితా తీయండి, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, అప్రైజల్ ఎలా వచ్చింది, ఎవరైనా వెళ్లిపోయారా చూడండి. మీ బాక్స్ ఎందుకు ఖాళీగా ఉందో చాలావరకు అక్కడే దొరుకుద్ది. తర్వాత ఎండీ గారి సంతకంతో సజెషన్ వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు అన్న ఒక్క పేజీ, తెలుగులో, ఆయన నిజంగా నిలబడగలిగితేనే, లేకపోతే అసలు వద్దు, ఇచ్చిన మాట తప్పితే ఇవ్వకపోవడం కంటే ఘోరం. బాక్స్ తీసేసి సూపర్‌వైజర్లకి ఆ పని అప్పగించండి, ప్రతి సజెషన్‌కీ రెండు వారాల్లోపు అవునో కాదో, కాకపోతే ఎందుకు కాదో మనిషికి ఎదురుగా చెప్పాలి. ఎన్ని ఐడియాలు వచ్చాయని లెక్కపెట్టొద్దు, ఎన్నిటికి జవాబిచ్చాం, ఎంతమంది రెండోసారి ఇచ్చారు అన్నది లెక్కపెట్టండి, రెండోసారి ఇచ్చారంటే మొదటిసారి వాళ్లకి చెడు జరగలేదని అర్థం. ఆరోగ్యం వైపు సిక్ లీవులు, రాత్రి పది తర్వాత వెళ్లే మెయిల్స్, వాడకుండా మిగిలిన సెలవులు, ఈ మూడూ టీమ్ వారీగా చూడండి, ఎక్కడ మంట ఉందో రెండు నెలల్లో తెలిసిపోద్ది, ఆ టీమ్ మేనేజర్‌తో ముందు ప్రేమగానే మాట్లాడండి, పైనుంచి అతని మీద ఎంత ఒత్తిడి ఉందో కూడా అడగండి.

మీ మూడొందల మందిలో కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లు ఎంతమంది, అగ్రిమెంట్ రెన్యూవల్ ఎప్పుడు అన్నది మీరు రాయలేదు. అది రాస్తే సజెషన్ గురించి నేను పైన చెప్పిన ఆ క్లాజు ఎలా పెట్టించాలో, కాంట్రాక్టర్ అడ్డం తిరిగితే ఏం మాట్లాడాలో వివరంగా చెప్తా.